చెట్టు లేని నేల మీద కట్టిన ఇళ్ళు: మిండెన్ మ్యూజియం జ్ఞాపకాలు

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం నడిమధ్యన మిండెన్ అని ఒక చిన్న ఊరు. ఒమాహా నుంచి డెన్వర్ పోయే ఐ-80 రహదారి దిగి దక్షిణానికి 12 మైళ్ళు వెళ్ళాలి. దారి పొడుగునా మొక్కజొన్న, సోయా చేలే. ఆ ఊళ్ళో పయొనీర్ విలేజ్ అనే మ్యూజియాన్ని హెరాల్డ్ వార్ప్ అనే ఆయన 1953లో తెరిచాడు. 20 ఎకరాల స్థలం, 28 భవనాలు, 50,000 వస్తువులు. ఒమాహా, లింకన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు కొలరాడో కొండలకి పోతూ మధ్యలో ఆగే చోట్లలో ఇదొకటి. పిల్లలు పాత కార్ల షెడ్డు వైపు పరిగెడతారు. నిజంగా నిలబడి చూడాల్సినవి మాత్రం ఇళ్ళు, పొయ్యిలు, కంచెలు, విత్తనం గొర్రులు.

ఇలాంటి చిన్న ఊళ్ళ మ్యూజియాలకి ఒకప్పుడు వేరే అందం ఉండేది. వేసవి ఆదివారాల్లో ఊరి పెద్దవాళ్ళు వచ్చి వస్తువుని చేత్తో తిప్పి చూపించేవాళ్ళు. మీగడ తీసే మిషను హ్యాండిల్ నిమిషానికి 60 చుట్లు తిప్పాలని, అంత వేగం వచ్చేదాకా హ్యాండిల్లోని గంట టకటకమంటూనే ఉంటుందని, అది ఆగాకే పాల కుళాయి తెరవాలని వాళ్ళు చెబితేనే తెలిసేది. పాలు పితికిన వేడి మీదే పోయాలి. చల్లారిన పాలు పోస్తే మీగడ చిక్కబడి మిషను లోపలి రేకుల మధ్య అడ్డం పడుతుంది. ఆ రేకులన్నీ రోజుకి రెండుసార్లు విప్పి, వేణ్ణీళ్ళతో కడిగి, వరస తప్పకుండా తీగకి గుచ్చి ఆరబెట్టాలి. ఒక పూట బద్ధకిస్తే మర్నాటి మీగడంతా పులిసిన కంపు. ఇంత సంగతి అద్దాల బీరువా ముందు పెట్టిన చీటీ మీద ఎక్కడ పడుతుంది?

ఆ పెద్దవాళ్ళు చెప్పిన మాటలన్నీ కలిపి చూసుకుంటే ఒకటే అర్థమయ్యేది. ఈ మ్యూజియంలో కనపడే దాదాపు ప్రతి వస్తువూ ఒక లేమికి జవాబు. ఆ నేల మీద చెట్లు లేవు. వాగుల వెంట కాసిని కాటన్‌వుడ్ చెట్లు, విల్లో పొదలు, అంతే. మిగిలిందంతా మోకాలెత్తు నుంచి మనిషెత్తు దాకా గడ్డి. ఇల్లు కట్టాలన్నా, పొయ్యి వెలిగించాలన్నా, చేనుకి కంచె వేయాలన్నా కర్ర కావాలి. అది దొరకని చోట మనుషులు ఏం చేశారో తెలియాలంటే ఈ షెడ్లు తిరగాలి.

మొదట ల్యాండ్ ఆఫీసు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల భూమి రాయించుకోవచ్చు. మొత్తం ఫీజులు కలిపి 18 డాలర్లు. అయిదేళ్ళు అక్కడే కాపురముండాలి, ఇల్లు కట్టాలి, సాగు చెయ్యాలి, ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళ చేత సాక్ష్యం చెప్పించాలి. ఆ చట్టం కింద మొట్టమొదటి దరఖాస్తుల్లో ఒకటి 1863 జనవరి 1న ఇదే నెబ్రాస్కాలో బియాట్రిస్ ఊరి దగ్గర భూమికి డేనియల్ ఫ్రీమన్ పెట్టినది. భూమి పుట్టింది సరే, ఇల్లు దేంతో కట్టాలి?

వేళ్ళూ మట్టీ సహా కోసిన గడ్డి పెళ్ళలతో. ఆ మట్టి ఇంటి నమూనా ఇక్కడ ఉంది. దాని పక్కన పెట్టే నాగలిని గ్రాస్‌హాపర్ నాగలి అనేవాళ్ళు. మామూలు నాగలి మట్టిని తిరగేసి గుల్ల చేస్తుంది. దీని రెక్క స్థానంలో పలచటి ఇనప కడ్డీలు ఉంటాయి. కోసిన గడ్డి పట్టా చెదరకుండా ఆ కడ్డీల మీదుగా జారి బోర్లా పడుతుంది. పట్టా వెడల్పు 12 అంగుళాలు, మందం 4 అంగుళాలు. దాన్ని పదునైన పారతో 2 నుంచి 3 అడుగుల ముక్కలుగా నరుకుతారు. ఒక్కో పెళ్ళ 50 పౌన్ల దాకా తూగుతుంది. 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడుగు ఇంటికి చాలా నేల మీది గడ్డి కావాలి. సుమారు 3,000 పెళ్ళలు, 75 టన్నుల దాకా బరువు.

అన్ని గడ్డీ పనికిరాదు. బఫెలో గడ్డి, పల్లపు నేలల్లో పెరిగే స్లూ గడ్డి లాంటివి మేలు. వాటి వేళ్ళు దట్టంగా అల్లుకుని మట్టిని పట్టి ఉంచుతాయి. కోయడానికి అదును ముఖ్యం. నేల తడిగా ఉండాలి, బురదగా ఉండకూడదు. వేళ్ళు ముదిరి గట్టిపడ్డ శరత్కాలంలో కోసింది ఎక్కువకాలం నిలుస్తుంది. ఆ రోజు పేర్చగలిగినంతే కొయ్యాలి. రాత్రంతా బయట ఉంచితే ఎండి అంచులు రాలిపోతాయి, మర్నాడు పెళ్ళకీ పెళ్ళకీ పొత్తు కుదరదు.

పేర్చడంలోనే ఇంటి ఆయుష్షు ఉంది. గడ్డి వైపు కిందికి, వేళ్ళ వైపు పైకి పెట్టాలి. పైన పెట్టిన పెళ్ళ బరువుకి వేళ్ళూ గడ్డీ కలిసి అతుక్కుంటాయి. గోడ మందం రెండు మూడు అడుగులు వచ్చేలా పక్కపక్కన పేర్చుకుంటూ, కింది వరస అతుకు మీద పై వరస అతుకు రాకుండా చూసుకోవాలి. ప్రతి మూడో నాలుగో వరసకి పెళ్ళల్ని అడ్డంగా వేస్తారు, లోపలి గోడనీ బయటి గోడనీ కలిపి కట్టే బంధం అదే. అది మరిచిన ఇంటి గోడ ఏడాది తిరిగేసరికి మధ్యకి చీలి పొట్ట ఉబ్బుతుంది. సందుల్లో గుల్ల మట్టి కూరతారు. సున్నం లేదు, అడుసు లేదు.

ద్వారబంధం మొదటే నిలబెట్టి దాని చుట్టూ గోడ లేపుతారు. కిటికీ చట్రం గోడ ఆ ఎత్తుకి వచ్చాక కూర్చోబెట్టి, చట్రానికి పెట్టిన బెజ్జాల్లోంచి కొయ్య మేకులు పెళ్ళల్లోకి దిగగొడతారు. చట్రం పైన మాత్రం కొన్ని అంగుళాల ఖాళీ వదలాలి. పచ్చి గోడ ఆరేకొద్దీ కిందికి కుంగుతుంది. ఖాళీ వదలకపోతే ఆ బరువంతా చట్రం మీద పడి అద్దం పగులుతుంది, తలుపు బిగుసుకుంటుంది. అందుకే ఆ సందులో పాత గుడ్డలు, గడ్డి కుక్కి పెట్టేవాళ్ళు. గోడ కుంగడం ఆగాక అవి తీసి మట్టితో మూసేస్తారు. మంచి నమూనా ఇంట్లో కిటికీ పైన ఆ కుక్కిన గుడ్డ కనపడేలా వదిలిపెడతారు. చాలామంది దాన్ని అశ్రద్ధ అనుకుని పోతారు. కట్టినవాడి పనితనం తెలిసేది అక్కడే.

ఈ ఇళ్ళకి బలహీనం పైకప్పు. రెండు చివర్లా పంగల గుంజలు పాతి, వాటి మీద కాటన్‌వుడ్ దూలం వేసి, వాసాలు వాల్చి, విల్లో కొమ్మలు పరిచి, గడ్డి కప్పి, ఆ పైన పలచటి పెళ్ళలు పేరుస్తారు. ఒకరోజు వాన కురిస్తే లోపల మూడు రోజులు కారేది. పొయ్యి మీద గిన్నెకి మూత, మంచం మీద గొడుగు. తడిసిన కప్పు బరువుకి దూలం విరిగి మనుషుల మీద పడ్డ సందర్భాలూ ఉన్నాయి. లోపల దూలం కింద మస్లిన్ గుడ్డ కట్టేది అందుకే. మట్టి రాలి కూరలో పడకుండా, ఎలుకలూ పాములూ మీద పడకుండా. ఇదంతా కష్టం. కానీ రెండడుగుల మందం గోడ చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉండేది. ప్రెయిరీ అనే ఆ గడ్డి మైదానానికి నిప్పంటుకున్నప్పుడు చెక్క ఇళ్ళు కాలిపోయేవి, పెళ్ళల ఇల్లు నిలిచేది.

ఖర్చు సంగతి చూడండి. 1872లో నెబ్రాస్కాలో గట్టు తొలిచి కట్టుకున్న 14 అడుగుల చదరపు ఇంటి లెక్క ఒకటి మిగిలింది. కిటికీ 1 డాలరు 25 సెంట్లు. తలుపుకి 18 అడుగుల చెక్క 54 సెంట్లు. గొళ్ళెం, బందులు 50 సెంట్లు. కప్పులోంచి పోయే పొగ గొట్టం 30 సెంట్లు. మూడు పౌన్ల మేకులు పందొమ్మిదిన్నర సెంట్లు. మొత్తం 2 డాలర్ల డెబ్బై ఎనిమిదిన్నర సెంట్లు. ఇంటి ఖర్చులో సగానికి కాస్త తక్కువ ఒక్క కిటికీకే పోయింది. గోడకి మట్టి ఊరికే వచ్చింది కానీ వెలుతురు కొనుక్కోవాల్సి వచ్చింది.

ఇక్కడే హెరాల్డ్ వార్ప్ కథ అతుకుతుంది. ఆయన 1903లో మిండెన్ దగ్గర ఇలాంటి పెళ్ళల ఇంట్లోనే పుట్టాడు, నార్వే నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. చిన్నప్పుడే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. 1924లో షికాగో వెళ్ళి ఫ్లెక్స్-ఓ-గ్లాస్ అనే సరుకు తయారీ మొదలెట్టాడు. అది కోళ్ళ షెడ్ల కిటికీలకి అద్దం బదులు వాడే పలచటి పొర. మామూలు అద్దం ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో కోళ్ళకి అవసరమైన భాగాన్ని ఆపేస్తుంది. అవి లేక విటమిన్ డి తక్కువై శీతాకాలంలో కోడిపిల్లల కాళ్ళు వంకర్లు పోయేవి. ఈ పొర ఆ కిరణాల్ని లోపలికి రానిచ్చింది, పైగా చవక. కిటికీయే అన్నిటికన్నా ఖరీదైన ఇళ్ళ మధ్య పుట్టినవాడు కిటికీ సరుకుతోనే డబ్బు గడించాడు. 1948లో తాను చదువుకున్న ఒంటిగది బడి అమ్మకానికి వస్తే దాన్ని కొన్నాడు. మ్యూజియం ఆలోచన అక్కడ మొదలైంది. ఆ బడి ఇప్పుడు ఈ ఆవరణలోనే ఉంది.

పొయ్యిల గది చిన్నదే కానీ వదలకూడదు. కట్టెలు లేవు కాబట్టి మొదట గేదెని పోలిన బైసన్ పేడ, తర్వాత పశువుల ఏరుపిడకలు. మన ఆడవాళ్ళు తట్టే పిడకలు కావు ఇవి, మైదానంలో ఎండిపోయినవి ఏరుకొచ్చేవి. మంట బాగానే వస్తుంది, బూడిద మాత్రం విపరీతం. ఏరుపిడకలు అయిపోయాక గడ్డి. ఊరికే గడ్డి వేస్తే భగ్గుమని ఆరిపోతుంది. అందుకని పిడికెడు గడ్డిని తాడు పేనినట్టు మెలితిప్పి, మడిచి, చివర లోపలికి దోపి గట్టి చుట్టలు చేసేవాళ్ళు. శీతాకాలం సాయంత్రాలు ఇంటిల్లిపాదికీ అదే పని. తర్వాత గడ్డి పొయ్యిలే వచ్చాయి. వాటికి వెనక రెండు ఇనప గొట్టాలు, లోపల స్ప్రింగు. గొట్టంలో గడ్డి కూరి పెడితే స్ప్రింగు మెల్లగా మంటలోకి తోస్తూ ఉంటుంది. ఒకటి కాలుతుంటే రెండోది నింపుకోవాలి. పక్కన గోనెసంచిలో మొక్కజొన్న బెండ్లు పెడతారు చూడండి, చిట్టచివరికి ప్రెయిరీ ఇళ్ళని వెచ్చగా ఉంచింది అవే. ధర పడిపోయిన ఏళ్ళలో గింజలతో సహా కంకులే తగలబెట్టారు, బొగ్గు కన్నా అవే చవక కాబట్టి.

ముళ్ళ తీగల బోర్డు ముందు జనం అంతగా ఆగరు. 18 అంగుళాల ముక్కలు, ఒక్కోటీ ఒక్కో మెలిక. సేకరించేవాళ్ళందరూ పాటించే కొలత అది. ఇల్లినాయ్ రాష్ట్రం డికాల్బ్ ఊరి రైతు జోసెఫ్ గ్లిడెన్ 1874 నవంబరు 24న పొందిన పేటెంటే చివరికి గెలిచింది. ముల్లు తయారు చెయ్యడానికి ఆయన కాఫీ గింజలు విసిరే మరని వాడాడు. ఆయన తెలివి ముల్లులో లేదు, రెండో తీగలో ఉంది. ఒంటి తీగకి ముల్లు చుడితే పశువు ఒరుసుకోగానే పక్కకి జారిపోతుంది. రెండు తీగలు మెలేస్తే ముల్లు కదలదు. ఎండకి సాగినా చలికి కుంచించినా మెలిక సర్దుకుంటుంది, తెగదు. కర్ర కంచెకి అడవి కావాలి, దీనికి నాలుగు గుంజలు చాలు.

విత్తనం గొర్రుల షెడ్డులో చెక్-రో ప్లాంటర్ అనే మొక్కజొన్న విత్తే యంత్రం ఉంటుంది. దాని పక్కన చుట్ట చుట్టిన తీగ, తీగకి 40 లేదా 42 అంగుళాలకొక ముడి. తుక్కు అనుకునేరు, అసలు యంత్రం ఆ తీగే. పొలం ఈ కొస నుంచి ఆ కొసకి దాన్ని మేకులతో బిగిస్తారు. గుర్రాలు నడుస్తుంటే తీగ ప్లాంటర్ పక్కనున్న పంగలోంచి జారుతుంది. ముడి వచ్చిన ప్రతిసారీ పంగ వెనక్కి కొట్టుకుని రెండు సాళ్ళలోనూ ఒకేసారి మూడు నాలుగు గింజలు పడతాయి. చివరికి చేరాక దిగి, మేకు పీకి, తర్వాతి సాళ్ళకి జరిపి పాతి, మళ్ళీ అంతే బిగువుతో లాగాలి. ఆ బిగువు ప్రాణం. ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా లాగితే ముడులు ముందుకో వెనక్కో జరిగి అడ్డసాళ్ళు పాము నడకలు పోతాయి. అడ్డసాళ్ళు ఎందుకంటే, మన దగ్గర పత్తికి నిలువూ అడ్డం అచ్చు తోలి కూడలిలో గింజ పెట్టి, తర్వాత రెండు వైపులా గుంటక తోలినట్టే ఇదీను. కలుపు మందులు లేని రోజుల్లో చుట్టూ గొర్రు తిరిగితేనే మొక్క చుట్టూ కలుపు చచ్చేది. 40 అంగుళాల లెక్క కూడా గాలిలోంచి రాలేదు. సాళ్ళ మధ్య గుర్రం మొక్క తొక్కకుండా నడవాలంటే అంత ఎడం కావాలి. గుర్రాలు పోయి ట్రాక్టర్లు వచ్చాక కూడా ఎన్నో ఏళ్ళు మొక్కజొన్న సాళ్ళు గుర్రం వెడల్పుకే ఉండిపోయాయి.

గాలిమరలు బయట నిలబడి ఉంటాయి. ఎత్తు నేలల్లో నీళ్ళు 200 అడుగులు దాటితే గానీ పడేవి కాదు, అంత లోతు నుంచి చేత్తో తోడడం అయ్యే పని కాదు. గాలి ఎటు తిరిగితే అటు తిరిగే, పెనుగాలి వస్తే తనంతట తనే ముడుచుకునే మరని డేనియల్ హాలడే కనెక్టికట్‌లో 1854లో చేశాడు. అది చెక్క రెక్కలది. 1888లో ఏర్‌మోటర్ ఉక్కు రెక్కల మర వచ్చింది. పళ్ళచక్రాలకి నూనె పోయాలంటే మనిషి ఆ గోపురం ఎక్కాల్సిందే. గడ్డకట్టిన నిచ్చెన మీద జారి పడ్డవాళ్ళు ఉన్నారు. నూనె తొట్టిలోనే తిరిగే చక్రాల మోడల్ 1915లో వచ్చాక ఆ ఎక్కడం ఏడాదికొకసారికి తగ్గింది. పాడయ్యేది మాత్రం పైన కాదు, కింద. బోరు అడుగున తోలు వాషర్లు ఇసక రాపిడికి అరిగిపోతాయి. మర గిరగిరా తిరుగుతూ ఉంటుంది, తొట్టిలో చుక్క నీరు రాదు. అప్పుడు కడ్డీలన్నీ ఒక్కొక్కటే విప్పి పైకి లాగి, నానబెట్టిన కొత్త తోలు వేసి దించాలి.

చెట్లు లేవని చెట్లు నాటించాలనీ చూశారు. 1872 ఏప్రిల్ 10న ఆర్బర్ డే అనే చెట్లు నాటే పండగ మొదటిసారి జరిగింది ఈ రాష్ట్రంలోనే, స్టెర్లింగ్ మోర్టన్ పూనికతో. 1873లో ఇంకో చట్టం వచ్చింది. 40 ఎకరాల్లో చెట్లు పెంచితే 160 ఎకరాలు ఇస్తామన్నారు. అయిదేళ్ళకే ఆ 40ని 10కి తగ్గించారు, 1891లో చట్టాన్నే ఎత్తేశారు. గడ్డి వేళ్ళు బతికున్న నేలలో లేత మొక్కకి నీరు మిగలదు. ముందు రెండేళ్ళు దున్ని గడ్డిని చంపాక నాటినవాళ్ళవే బతికాయి.

ఫొటోల గోడ దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండాలి. నెబ్రాస్కాలో ఏ పయొనీర్ మ్యూజియానికి పోయినా సాలమన్ బుచర్ తీసిన బొమ్మలు కనపడతాయి. 1886 నుంచి ఆయన కస్టర్ కౌంటీలో బండి వేసుకుని తిరిగి 3,000కి పైగా గాజు పలకల మీద ఫొటోలు తీశాడు. ఇంటి ముందు కుటుంబం వరసగా నిలబడి ఉంటుంది, బల్ల మీద పుచ్చకాయలు, పక్కన గుర్రాలు, వెనక గట్టు మీద ఆవు, చూడ్డానికి కప్పు మీదే నిలబడ్డట్టు. ఒక ఫొటోలో మాత్రం ఇల్లు లేదు. పశువుల దొడ్డి ముందు కుటుంబమూ, మధ్యలో పెడల్ ఆర్గానూ. మట్టి ఇంట్లో ఉంటున్నామని తూర్పున ఉన్న బంధువులకి తెలియడం ఆ ఇల్లాలికి ఇష్టం లేదట. అందుకని ఆర్గాన్‌ని మోయించి బయటికి తెప్పించి, ఫొటో అయ్యాక మళ్ళీ లోపలికి మోయించింది. ఆ బొమ్మ చూసిన ఏ ఆడమనిషికైనా ఆవిడ మనసు అర్థమవుతుంది.

ఈ గోడ మీద లేనివాళ్ళని కూడా తలుచుకోవాలి. ప్లాట్ నదికి దక్షిణాన ఉన్న ఈ నేల పానీ తెగవాళ్ళది. 1833 ఒప్పందంలో అమెరికా ప్రభుత్వం దాన్ని వాళ్ళ చేత వదిలించింది. మిగిలిన కొద్ది భూమి నుంచి కూడా 1870లలో ఇప్పటి ఓక్లహోమాకి పంపేశారు. నాలుగు మధ్య గుంజలు పాతి, విల్లో కొమ్మలు, గడ్డి, మట్టి కప్పి గుండ్రటి పెద్ద ఇళ్ళు కట్టడం వాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. గ్రాస్‌హాపర్ నాగలి రాకముందే ఈ మట్టితో ఇల్లు కట్టినవాళ్ళు వాళ్ళు. ఆ ఇంటి నమూనా కూడా పెళ్ళల ఇంటి పక్కన ఉండాల్సింది.

పెళ్ళల ఇంటిని మ్యూజియంలో నిలబెట్టడం ఇనప యంత్రాన్ని నిలబెట్టినంత తేలిక కాదు. మనుషులు కాపురమున్న రోజుల్లోనే చాలా ఇళ్ళు పదేళ్ళు దాటేవి కావు. శ్రద్ధగా చూసుకున్నవి నిలిచాయి. కామ్‌స్టాక్ దగ్గర డౌస్ కుటుంబం 1900లో కట్టిన ఇంట్లో 1959 దాకా కాపురమున్నారు. ఓక్లహోమాలో ఎలీన్ ఊరి దగ్గర మెకల్లీ అనే రైతు 1894లో కట్టిన ఇంటికైతే పైన ఇంకో భవనమే కట్టి ఎండావానా తగలకుండా కాపాడుతున్నారు. ఆరుబయట ఉన్న నమూనాలకి ముందు చూరు చూడాలి. గోడకి చూరు నీళ్ళు తగలడం మొదలైతే మూల కరుగుతుంది, మూల కరిగితే గోడ వాలుతుంది. మనిషి ఉండి పొయ్యి వెలిగించకపోతే చెమ్మ ఆరదు, ఎలుకలు బొరియలు తవ్వుతాయి. మరమ్మత్తుకి పెళ్ళలు దొరకడం అసలు కష్టం. ఒకసారి దున్నిన నేల మళ్ళీ గడ్డి పట్టినా పాత వేళ్ళ అల్లిక రాదు. లాన్ల కోసం అమ్మే గడ్డి చుట్టలకి ఒక అంగుళం వేరు కూడా ఉండదు, చేత్తో ఎత్తితే వంగుతాయి గానీ బరువు మోయవు. అందుకే ఎన్నడూ నాగలి తగలని పచ్చిక ఉన్న రైతుని వెతుక్కుని, వాన వెలిసిన రెండు మూడు రోజులకి, ఆ రోజుకి సరిపడా మాత్రమే కోసి తెచ్చి సాయంత్రంలోగా పేర్చెయ్యాలి.